పార్వతీపురం రెండో సీటు

*1957లో ఒక కొండప్రాంతపు నియోజకవర్గంలో వచ్చిన ఫలితం దేశమంతటి ఎన్నికల పటాన్ని మార్చింది. ఆ కేసు లేవనెత్తిన ప్రశ్న మన్యంలో ఇంకా తెగలేదు.*

అవి 1957 సార్వత్రిక ఎన్నికలు. కొండ దిగి, వాగు దాటి పోలింగు కేంద్రానికి చేరిన ఓటరు వేలికి సిరాచుక్క పెట్టించుకుని, అధికారి చేతిలోంచి చీటీలు అందుకుని పరదా వెనక్కి వెళ్తాడు. అక్కడ ఇప్పటిలా మీట లేదు. పేర్ల పక్కన ముద్ర వేసే కాగితమూ లేదు. ఉన్నవల్లా వరసగా పెట్టెలు. అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద అతికించిన గుర్తు. అక్షరం ముక్క రాని మనిషికి కూడా కాడెద్దులు ఏ పెట్టె మీదున్నాయో కంటికి తెలిసిపోతుంది. రూపాయి నోటంత చీటీని అందులోకి జార్చి బయటికి రావడమే ఓటు వేయడమంటే. అయితే పార్వతీపురం ఓటరు చేతిలో ఉన్నవి రెండు చీటీలు. రెండూ ఒకరికే వేయడానికి లేదు. ఒకటి ఒకరికి, రెండోది మరొకరికి.

పార్వతీపురం అప్పటికి శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. విజయనగరం జిల్లా పుట్టింది 1979లో. లోక్‌సభకు ఇద్దరు సభ్యుల్ని పంపే స్థానం అది. రెండు సీట్లలో ఒకటి షెడ్యూల్డు తెగలకు రిజర్వు, ఇంకొకటి జనరల్. ఒక సీటు కొండవాళ్లది, ఒక సీటు దిగువవాళ్లది అన్నదే అందరి మనసులోనూ ఉన్న లెక్క. ఓట్లు లెక్కపెట్టేసరికి ఆ లెక్క తలకిందులైంది. ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న మొదటి ఇద్దరూ, అంటే బిడ్డిక సత్యనారాయణ, దిప్పల సూరిదొర, గిరిజన అభ్యర్థులే. కొద్ది వందల ఓట్ల తేడాతో వెనకబడి ఓడిపోయినాయన సామాన్యుడు కాదు. కేంద్రంలో కార్మిక మంత్రిగా పనిచేసి, బ్యాంకు ఉద్యోగుల అవార్డు విషయంలో ప్రభుత్వంతో పడక 1954లో రాజీనామా చేసిన వరాహగిరి వెంకటగిరి. తొలి లోక్‌సభకు పక్కనున్న పాతపట్నం నుంచే గెలిచిన మనిషి. తర్వాత పన్నెండేళ్లకు రాష్ట్రపతి అయిన వి.వి. గిరి.

ఆయన కోర్టుకెక్కారు. ట్రిబ్యునల్, హైకోర్టు మెట్లు దాటి 1959లో సుప్రీంకోర్టు తేల్చిన ఆ వ్యాజ్యం, 'వి.వి. గిరి వర్సెస్ డి. సూరిదొర', ఇప్పటికీ ఎన్నికల వ్యాజ్యాల్లో, కుల నిర్ధారణ వివాదాల్లో వినపడే పేరు. ఈ అరవై ఏళ్ల పైబడిన కథను ఇప్పుడెందుకు తవ్వుతున్నట్టు? డీఎస్సీ ప్రకటన వచ్చిన ప్రతిసారీ మన్యంలో 'జీవో 3' మాట లేస్తోంది కాబట్టి. ఏజెన్సీ బడుల్లో పంతులు ఉద్యోగాలన్నీ గిరిజనులకే ఇవ్వాలన్న ఆ ఉత్తర్వును 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాన్ని తిరిగి తేవాలని సీతంపేట, పార్వతీపురం, పాడేరు వైపు బంద్‌లు, ధర్నాలు జరుగుతూనే ఉన్నాయి. రిజర్వేషను అంటే ఇంతకు తగ్గకూడదన్న పునాదా, ఇంతకు మించకూడదన్న పైకప్పా? జనరల్ అంటే ఎవరిది? గిరిజనుడెవరో తేల్చేది పుట్టుకా, బతుకా? ఇవాళ జీవో 3 చుట్టూ జరుగుతున్న వాదనంతా ఈ మూడు ప్రశ్నల మీదే నడుస్తోంది. మూడింటినీ ముందుగా అడిగిన ఊరు పార్వతీపురం.

జనరల్ సీటు ఎవరి సొత్తు?

గిరి వేసిన వాదనలు ప్రధానంగా రెండు. మొదటిది ఇదీ. నేను షెడ్యూల్డు తెగవాణ్నని ప్రకటన ఇచ్చి రిజర్వు సీటుకు నామినేషను వేసిన వ్యక్తిని జనరల్ సీటుకు ఎన్నికైనట్టు ప్రకటించడం చెల్లదు. పోటీ చేసింది ఒక సీటుకైతే గెలిచింది ఇంకో సీటు ఎలా అవుతుంది? వినడానికి సబబుగానే ఉంటుంది. అద్దె ఇంటికి బయానా ఇచ్చి సొంత ఇల్లు రిజిస్ట్రేషను చేయించుకున్నట్టు అనిపిస్తుంది కూడా.

మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ గజేంద్రగడ్కర్ ఈ లెక్కను అవతలి వైపు నుంచి చూశారు. అప్పటి ఎన్నికల చట్టంలో ఓట్లు లెక్కగట్టే పద్ధతి స్పష్టంగా ఉంది. ముందు రిజర్వు అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారితో రిజర్వు సీటు నింపాలి. తర్వాత మిగిలిన అభ్యర్థులందరిలో, ఏ తెగవారైనా ఏ కులంవారైనా, ఎక్కువ ఓట్లు ఎవరివైతే రెండో సీటు వారిది. గిరిజన అభ్యర్థి ఇచ్చే ప్రకటన అతనికి అదనంగా ఒక అర్హత కల్పిస్తుందే తప్ప, పౌరుడిగా అతనికున్న హక్కును లాగేసుకోదు. రిజర్వు సీటుకు ప్రకటన ఇవ్వడమంటే జనరల్ సీటు వదులుకున్నానని రాసివ్వడం కాదు. అంటే, జనరల్ సీటు గిరిజనేతరుల సీటు కాదు. అది అందరిదీ. ఆ అందరిలో గిరిజనుడూ ఉన్నాడు.

ఇవాళ ఇది మామూలు మాటలా కనబడుతుంది. ఉద్యోగాల భర్తీలో ఓపెన్ కేటగిరీ అగ్రకులాల కోటా కాదనీ, మెరిట్ తెచ్చుకున్న రిజర్వేషను అభ్యర్థి అక్కడే లెక్కకు రావాలనీ ఇందిరా సహానీ కేసు నుంచి మొన్నమొన్నటి సౌరవ్ యాదవ్ తీర్పు దాకా సుప్రీంకోర్టు చెబుతూ వచ్చింది. సౌరవ్ యాదవ్ తీర్పు వచ్చింది 2020 డిసెంబరులో. పార్వతీపురం తీర్పు 1959లో. ఎన్నికల చట్టం మాటల్లో చెప్పినా, సారం అదే. అరవై ఏళ్ల తర్వాత కూడా దాన్ని మళ్లీ చెప్పించుకోవలసి వచ్చిందంటే, జనరల్ అనే మాటకు జనం మనసులో ఉన్న అర్థం తీర్పుల్లో ఉన్న అర్థం ఒకటి కాలేదన్నమాట.

దీనికో అభ్యంతరం ఉంది, తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు. రెండు సీట్లూ గిరిజనులకే పోతే, ఆ నియోజకవర్గంలో సంఖ్యలో ఎక్కువున్న మైదానపు జనానికి ప్రతినిధి ఏడీ? జవాబు ఆ పెట్టెల్లోనే ఉంది. ఆ రెండు చీటీలూ వేసిన ఓటర్లలో అత్యధికులు గిరిజనేతరులే కావచ్చు, వాళ్లు వేయకుండా అన్ని ఓట్లు రావు. తనకు ఓటేసిన మనిషికి ప్రతినిధి కాకుండా పోయే సభ్యుడు ఎవరూ ఉండరు. అగ్రకుల అభ్యర్థి గెలిస్తే అందరి ప్రతినిధి, గిరిజనుడు గెలిస్తే గిరిజనుల ప్రతినిధి అనే అలవాటే ఈ అభ్యంతరం వెనకున్న అసలు సంగతి.

> రెండేసి సీట్ల కాలం
> 1957లో లోక్‌సభకు 403 నియోజకవర్గాల నుంచి 494 మంది ఎన్నికయ్యారు. 312 చోట్ల ఒక్కో సభ్యుడు, 91 చోట్ల ఇద్దరేసి. 1952లో అయితే ఉత్తర బెంగాల్‌లో ముగ్గురు సభ్యుల స్థానం కూడా ఒకటుండేది. రిజర్వు సీటు, జనరల్ సీటు ఒకే నియోజకవర్గంలో కలిసి ఉండటం ఈ పద్ధతి ప్రత్యేకత. 1961లో చట్టం చేసి దీన్ని రద్దు చేశారు. 1962 ఎన్నికల నుంచి దేశమంతా ఒక నియోజకవర్గానికి ఒకే సభ్యుడు.

జంధ్యం వేసుకుంటే కులం మారుతుందా?

గిరి రెండో వాదన మరింత పదునైనది. అసలు సూరిదొర గిరిజనుడే కాదు, క్షత్రియుడు అన్నది ఆ వాదన. ఆయన పుట్టింది షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్న ముఖదొర తెగలో. కానీ ఆ కుటుంబం ఏనాటి నుంచో తాము క్షత్రియులమని చెప్పుకుంటోందనీ, దస్తావేజుల్లో అలాగే రాయించుకుందనీ, క్షత్రియ కుటుంబాలతో వియ్యమందిందనీ, జంధ్యాలు, హోమాలు అన్నీ ఆ పద్ధతిలోనే సాగుతున్నాయనీ గిరి తరఫు వాదించింది. నిన్నటిదాకా రాజులమన్నవారు సీటు కోసం ఇవాళ గిరిజనులమంటే చెల్లుతుందా అని.

ఉత్తరాంధ్ర చరిత్ర తెలిసినవారికి ఇందులో వింతేమీ కనిపించదు. కురుపాం, మేరంగి, సాలూరు వంటి కొండ అంచు జమీందారీల నీడలో 'దొర' అన్న మాటకు రెండు అర్థాలుండేవి. అదొక తెగ పేరు, అదొక హోదా. కొంత భూమి, కొంత అధికారం చేతికి వచ్చిన కొండ కుటుంబం దిగువ రాజుల అలవాట్లు అందిపుచ్చుకోవడం, నాలుగు తరాలు గడిచాక ఆ అలవాట్లే పుట్టుకలా కనబడటం ఇక్కడ ఎన్నో ఇళ్ల కథ.

మెజారిటీ న్యాయమూర్తులు దీన్ని ఒప్పుకోలేదు. ఈ సమాజంలో కులం పుట్టుకతో వచ్చేది. పైకులమని ఒక కుటుంబం తనకు తాను చెప్పుకున్నంత మాత్రాన, ఆ పైకులం ఆ మాటను అంగీకరిస్తే తప్ప, హోదా మారదు. ఏకపక్షంగా చేసుకున్న ప్రకటనలు రుజువు కావు. ఈ మాట రాయాల్సి వచ్చినందుకు కోర్టుకే బాధగా ఉన్నట్టు తీర్పు చదివితే తెలుస్తుంది. రాజ్యాంగం కులాన్ని దాటిపోవాలంటోంది, ఊరు దాటనివ్వడం లేదు. న్యాయమూర్తి ఊరిని ఉన్నదున్నట్టు చూడక తప్పలేదు. జస్టిస్ కపూర్ మాత్రం విభేదించారు. తరాల తరబడి తెగను వదులుకుని బతికినవారు, ఇంకా ఆ తెగవారేనని అనడం కుదరదన్నారు.

కపూర్ విభేదంలో ఒక న్యాయం ఉంది. రిజర్వు సీటు ఉద్దేశించింది వెనకబడినవారి కోసం. దొరతనం వెలగబెట్టినవారు ఆ దారిన లోపలికొస్తే పోడు చేసుకునే సవర, జాతాపు కుటుంబాల వంతు ఎప్పుడు? ఈ ప్రశ్నను కొట్టిపారేయడం నిజాయితీ కాదు. అయినా మెజారిటీ తీర్పు వైపే మొగ్గాలి. ఎందుకంటే నడవడిక చూసి తెగను నిర్ణయించడం మొదలుపెడితే దెబ్బ ముందు తగిలేది కలిగినవాడికి కాదు. పేరు చివర రావు చేర్చుకున్నవాడు, పిల్లకు తాళి కట్టించి పెళ్లి చేసినవాడు, సంత ఊళ్లో ఇల్లు కట్టుకుని కొండ భాష మరిచినవాడు, ప్రతి ఒక్కడూ నువ్వింకా గిరిజనుడివేనా అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. దిగువవాళ్ల చిన్నచూపు తప్పించుకోవడానికే మనిషి వేషం మార్చాడు. ఆ వేషాన్నే సాక్ష్యంగా తెచ్చి అతని హక్కు తీసేస్తే, చిన్నచూపు చూసినవాడికే లాభం. పుట్టుక కొలబద్ద మొరటుదే. కానీ ఇది చెప్పే అబద్ధాలు తక్కువ.

మొరటుది కాబట్టే తగువులు తెగలేదు. పార్వతీపురం పక్కనే ఉన్న నాగూరు ఎస్టీ అసెంబ్లీ స్థానం నుంచి ఒక అభ్యర్థి కొండదొరా, క్షత్రియుడా అన్న వివాదం మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2005లో వచ్చిన ఆ తీర్పు ఇంకో మెలిక విప్పింది. ఒక ఎన్నికల కేసులో ఒక వ్యక్తి తెగ గురించి తేల్చిన మాట లోకమంతటికీ శాసనం కాదు. ఆ కేసులో లేని మరొకరు మళ్లీ ప్రశ్నించవచ్చు, కోర్టు మళ్లీ సాక్ష్యాలు చూడాలి. 2008 పునర్విభజనతో నాగూరు పేరు పోయి కురుపాం వచ్చింది, పార్వతీపురం లోక్‌సభ స్థానం అరకులో కలిసిపోయింది.

> మెట్లెక్కిన గిరి
> సూరిదొర మీద వ్యాజ్యం నడుస్తున్నప్పుడు గిరి ఉత్తరప్రదేశ్ గవర్నరు. 1969లో రాష్ట్రపతి అయ్యాక ఆయన ఎన్నిక మీదే వ్యాజ్యం పడింది. పదవిలో ఉన్న రాష్ట్రపతి కోర్టుకు రానక్కర్లేకుండా వాంగ్మూలం ఇవ్వవచ్చు. అయినా 1970లో ఆయన స్వయంగా సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యమిచ్చారు. కేసు ఆయన పక్షాన తేలింది.

కొండనాలుకకు మందు

తీర్పు వచ్చాక ఢిల్లీలో మొదలైంది అసలు కలవరం. పార్వతీపురంలో జరిగింది రేపు ఇంకో తొంభై చోట్ల జరగొచ్చు. రెండేళ్లు తిరక్కుండానే, 1961లో, ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను పార్లమెంటు రద్దు చేసింది. ఒక్కో స్థానాన్ని రెండుగా చీల్చి, ఒకటి పూర్తిగా రిజర్వు, రెండోది పూర్తిగా జనరల్ చేశారు. ఇద్దరు సభ్యుల స్థానాలు మరీ పెద్దవి, ప్రచారానికి ఖర్చెక్కువ, ఒక సభ్యుడు జిల్లా అంత విస్తీర్ణం తిరగలేడు అన్న కారణాలు చెప్పారు. అవి అబద్ధాలు కావు. సాలూరు కొండల నుంచి మైదానం దాకా కాలినడకన, ఎద్దుబండి మీద ప్రచారం చేయవలసిన కాలం అది.

అయినా పోగొట్టుకున్నదేమిటో చూడాలి. పాత పద్ధతిలో ప్రతి ఓటరుకూ ఒక గిరిజన అభ్యర్థికీ, ఇంకొకరెవరికైనా సరే ఓటేసే అవకాశం ఉండేది. గిరిజన నాయకుడు కొండ ఓట్లతో ఆగకుండా బజారు ఊళ్ల ఓట్లూ అడగాల్సి వచ్చేది. కొత్త పద్ధతిలో గీత గీశారు. గీతకు ఇవతల గిరిజనుడు గిరిజనుడితోనే పోటీ పడాలి. అవతల చట్టం తలుపు తెరిచే ఉంచింది, పార్టీలే మూసేశాయి. జనరల్ స్థానంలో గిరిజనుడికి పెద్ద పార్టీ టికెట్టు ఇచ్చిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పునాదిగా మొదలైంది పైకప్పు అయింది. కోర్టు ఇచ్చిన హక్కు కాగితం మీద పదిలంగా ఉంది, దాన్ని వాడుకునే చోటు మాయమైంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు.

లేవిడి నుంచి బొర్రా దాకా

సీటు తర్వాత చెప్పుకోవలసింది నేల. ఇక్కడ చట్టాన్ని మలిచిన మొదటి కేసు ఏ లా రిపోర్టులోనూ ప్రముఖంగా కనిపించదు. అది నిందితులు విడుదలైన కేసు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో గిరిజన సంఘం మహాసభకు వెళుతున్నవారి మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు దాడి చేశారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. 1968లో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ ఏడాది నవంబరులోనే శ్రీకాకుళ సాయుధ పోరాటం మొదలైంది. ఒక్క తీర్పు వల్లే పోరాటం వచ్చిందనడం అతి. అప్పు కింద భూమి పోవడం, పాలేరుతనం, సంతలో తూకం మోసం, అడవి సిబ్బంది మామూళ్లు అప్పటికే గిరిజన సంఘం చెబుతూ వచ్చిన బాధలు. కానీ కోర్టులో న్యాయం దొరుకుతుందన్న చివరి ఆశ తెగింది అక్కడే.

ఆ పోరాటం మండుతుండగానే, 1970 ఫిబ్రవరిలో, '1/70' అని ప్రతి గిరిజనుడి నోటా వినిపించే భూబదలాయింపు సవరణ వచ్చింది. కొండ భూములను కాపాడే చట్టాలు లేకపోలేదు. గంజాం, విశాఖపట్నం ఏజెన్సీలకు 1917 నుంచే ఒకటుంది, 1959లో ఇంకోటి వచ్చింది. అవి సంతకాల చుట్టూ, అనుమతుల చుట్టూ తిరిగాయి. 1970 సవరణ ఒక్క దెబ్బతో బరువు ఇటు నుంచి అటు మార్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని ముందుగా అనుకోవాలి. కాదని చూపించుకోవలసిన పని గిరిజనేతరుడిదే. కాగితం లేని సవర రైతుకు ఇంతకన్నా పెద్ద ఆసరా ఏ శాసనమూ ఇవ్వలేదు. తరతరాలుగా అక్కడే ఉంటున్న గిరిజనేతర పేదల సంగతేమిటని వారి తరఫున అభ్యంతరం వచ్చింది. వారిలో నిజంగా పేదలూ ఉన్నారు. 1988లో సుప్రీంకోర్టు ఈ సవరణను సమర్థించింది.

తర్వాత ఇంకో తొమ్మిదేళ్లకు, 1997 జులై 11న, 'సమత' తీర్పు. విజయనగరం జిల్లా ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కితే వచ్చే అనంతగిరి, బొర్రా ప్రాంతంలో కాల్సైట్ గనులను ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు లీజుకిచ్చింది. గిరిజనుడు గిరిజనేతరుడికి అమ్మకూడదంటే సరే, ప్రభుత్వం తన భూమి తానిచ్చుకుంటే అడ్డేమిటన్నది రాష్ట్రం వాదన. ఇద్దరు న్యాయమూర్తులు ఒప్పుకోలేదు, ఒకరు విభేదించారు. చట్టంలో ఉన్న 'వ్యక్తి' అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉంది. రైతుకు లేని హక్కు ప్రభుత్వానికీ ఉండదు. ఒక్క మాటకు అర్థం చెప్పడంతో ఏజెన్సీ గనుల వ్యవహారమే మారిపోయింది. న్యాయమూర్తులు ఆ అర్థాన్ని నిఘంటువులో వెతకలేదు. చట్టం ఎవరి కోసం పుట్టిందో ఆ జనం చరిత్రలో వెతికారు.


       

ఒక పంతులు, ఒక బడి

ఇప్పుడు ఉద్యోగం సంగతి. నాగూరు స్థానం 2005 కంటే ముందే, 1992లో, ఒకసారి సుప్రీంకోర్టు గడప తొక్కింది. గెలిచిన అభ్యర్థి సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) నడిపే ఏకోపాధ్యాయ పాఠశాలలో పంతులు. ఒక గది, ఒక బల్ల, నాలుగైదు తరగతుల పిల్లలందరికీ ఒకే మనిషి. ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నాడు కాబట్టి ఎన్నిక చెల్లదని ఓడినవారి వాదన. ఐటీడీఏ రిజిస్టరైన సొసైటీ. డబ్బు ప్రభుత్వానిదే అయినా, అజమాయిషీ ఎంత ఉన్నా, ఆ పంతులు ప్రభుత్వం కింద పదవిలో ఉన్నట్టు కాదని కోర్టు తేల్చింది. లాభదాయక పదవి కేసుల్లో ఈ తీర్పు తరచూ వినిపిస్తుంది. అంతకన్నా నన్ను ఆకట్టుకునేది ఇందులో కనబడే సామాజిక సత్యం. కొండ మీద ఓటర్లు నమ్మి శాసనసభకు పంపగలిగిన మనిషి బడిపంతులు. అక్కడ పంతులంటే జీతగాడే కాదు. అర్జీ రాసేది ఆయన, జ్వరం మాత్ర ఇచ్చేది ఆయన, ఆఫీసరు మాట అర్థం చెప్పేది ఆయన.

ఈ నేపథ్యంలోంచి చూస్తేనే 2000 జనవరి 10 నాటి జీవో 3 అర్థమవుతుంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులు నూటికి నూరు గిరిజనులకే, అందులో మూడో వంతు స్త్రీలకు. దిగువ నుంచి వచ్చిన పంతులు బస్సు దొరకలేదని రాకపోవడం, వచ్చినా పిల్లల భాష తెలియకపోవడం, ఏడాది తిరక్కుండా బదిలీ పెట్టించుకోవడం దీనికి కారణాలు. 2020 ఏప్రిల్ 22న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని కొట్టేసింది. అయిదో షెడ్యూలు గవర్నరుకిచ్చిన అధికారం ప్రాథమిక హక్కులను దాటిపోలేదంది. నూరు శాతం రిజర్వేషను యాభై శాతం గీతను తుడిచేస్తుందంది. 1950 జనవరి 26 నుంచి అక్కడే నివాసముండాలన్న షరతును తప్పుపట్టింది. గిరిజనులకు గిరిజనులే పాఠం చెప్పాలన్న ఆలోచనను చాలా ఘాటైన మాటతో తోసిపుచ్చింది. అప్పటికే చేరిన టీచర్ల ఉద్యోగాలను షరతులతో కాపాడింది.

పార్వతీపురం తీర్పును మెచ్చుకునేవారు ఇక్కడ ఇబ్బందిలో పడతారు, పడాలి కూడా. జనరల్ సీటు అందరిదీ అని 1959లో కోర్టు చెప్పింది సరైన మాటైతే, అందరిదీ అన్న చోటును పూర్తిగా మూసేసిన జీవో 3 ఎలా సరైనదవుతుంది? పునాది అన్న వాదనే నూరు శాతానికి ఎదురు నిలుస్తుంది. ఈ మాట ఒప్పుకోకుండా, కోర్టు గిరిజన వ్యతిరేకమని తిట్టి ఊరుకోవడం సులువు. దానితో వచ్చే డీఎస్సీలో ఒక్క పోస్టు కూడా పెరగదు.

అయితే ధర్మాసనం చూడనిది కూడా ఒకటుంది. 'సమత'లో కోర్టు కొండ నుంచి చట్టం వైపు చూసింది. 2020లో శాతాల పట్టికలోంచి కొండ వైపు చూసింది. టీచరు పోస్టును అభ్యర్థికి దక్కే అవకాశంగా మాత్రమే లెక్కగట్టింది. బల్ల అవతల కూర్చున్న ఆరేళ్ల పిల్ల లెక్కలోకి రాలేదు. ఇంట్లో సవర మాట్లాడి బడిలో తెలుగు వినే పిల్లకు మొదటి రెండేళ్లు పాఠం శబ్దం మాత్రమే. ఈ సంగతి ప్రభుత్వానికి తెలియంది కాదు. సవర, కువి, కొండ, కోయ వంటి భాషల్లో ఒకటో తరగతి వాచకాలు వేసి 2004 నుంచి మాతృభాషా బోధన కార్యక్రమం నడిపింది ప్రభుత్వమే. వాచకం సవరలో ఉండి, పంతులుకు సవర రాకపోతే ఆ పుస్తకం ఎవరు చదివి చెబుతారు?

దారి ఇక్కడ ఉంది. సూరిదొర కేసులో పుట్టుకను కొలబద్దగా తీసుకోక తప్పలేదు, ఎందుకంటే అక్కడ ప్రశ్న ఫలానా మనిషి ఏ తెగవాడన్నది. బడిలో ప్రశ్న అది కాదు, ఈ మనిషి మాట ఆ పిల్లకు అర్థమవుతుందా అన్నది. ఆ బడి పిల్లలు మాట్లాడే భాష తప్పనిసరి అర్హతగా పెట్టి, నోటి పరీక్ష పెట్టి, రిజర్వేషను దాని పైన తన వాటా ప్రకారం అమలు చేస్తే, అది శాతాల పంచాయితీ కాదు. ఫలానా పనికి ఫలానా నైపుణ్యం కావాలన్న మామూలు సర్వీసు నియమం అవుతుంది. కొట్టేసిన జీవో ఈ దారిని వాడుకోలేదు, కొట్టేసిన తీర్పు ఈ దారిని మూయలేదు. ఇందులోనూ చిక్కుంది. జాతాపుల్లో చాలా కుటుంబాలు ఎప్పుడో తెలుగులోకి మారాయి. అలాంటి గూడెంలో భాష పరీక్ష గిరిజన అభ్యర్థికి అదనపు బలమేమీ ఇవ్వదు. అక్కడ స్థానికత, సాధారణ రిజర్వేషను తప్ప వేరే ఆసరా లేదు. సవర గూడేల్లో, కువి గూడేల్లో మాత్రం భాష వచ్చినవాడు దాదాపు ఎప్పుడూ ఆ కొండవాడే అవుతాడు. కాకపోతే, కష్టపడి నేర్చుకున్న దిగువ మనిషి అవుతాడు. అలాంటి ఒకాయన శ్రీకాకుళం జిల్లాలోనే పుట్టాడు.

శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరలను ఇంటికి పిలిపించుకుని వాళ్ల భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు బడులు పెట్టించారు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. జీవో 3 ఆనాడు ఉండి ఉంటే సీతంపేటలో ఆయనకు ఒకటో తరగతి పంతులు ఉద్యోగం కూడా వచ్చేది కాదు. 2020 తీర్పు ప్రకారమైతే ఆయనా ఒకటే, సవర ముక్క రాని మరో అభ్యర్థీ ఒకటే. భాష పరీక్ష పెడితే వరసలో ముందుండేది ఆయనే. సవర కొండలు తిరిగి తెచ్చుకున్న మలేరియాకు మింగిన క్వినైన్ వల్ల ఆయనకు వినికిడి పోయింది. ఆ తర్వాత కూడా సవర నిఘంటువు పని మానలేదు.